పది నిమిషాల్లో ఆరే రంగుతో నెల రోజుల బొమ్మ

ఎగ్జిబిషన్‌లో చిత్రకారులను ఎక్కువమంది అడిగే ప్రశ్న: “ఇది వేయడానికి ఎన్ని రోజులు పట్టింది?” నెల, నెలన్నర అని జవాబు వస్తే, రంగుల గురించి కాస్త తెలిసినవాళ్లు బొమ్మ పక్కన అంటించిన చీటీ వైపు మళ్లీ చూస్తారు. అక్కడ ‘ఆక్రిలిక్ ఆన్ కాన్వాస్’ అని ఉంటుంది. పల్చగా పూస్తే పది, ఇరవై నిమిషాల్లో ఆరిపోయే రంగు అది. ఆయిల్ పెయింట్‌లా రోజుల తరబడి ఎదురుచూడాల్సిన పని లేదు. మరి నెల ఎందుకు పట్టినట్టు?

“ఓపిగ్గా వేశారు కాబట్టి” అనేది మర్యాదకు చెప్పే జవాబు. అసలు సంగతి వేరు. ఆక్రిలిక్ త్వరగా ఆరుతుంది కాబట్టే దానితో పొర మీద పొర వేయగలుగుతాం. ఏ పొర ముందు, ఏది తర్వాత అని తేల్చుకోవడానికే రోజులన్నీ పోతాయి. బ్రష్ చేతిలో ఉన్న సమయం కన్నా బొమ్మను గోడకు ఆనించి, దూరంగా కూర్చుని చూసే సమయమే చాలాసార్లు ఎక్కువ. ఇదంతా అర్థం కావాలంటే ముందు ఆ రంగు ఎలా ఆరుతుందో తెలియాలి.

ఆరేటప్పుడు ఏం జరుగుతుంది

ట్యూబులో ముఖ్యంగా ఉండేవి పిగ్మెంట్ (రంగునిచ్చే పొడి), ఆక్రిలిక్ పాలిమర్ (ఒక రకం ప్లాస్టిక్), నీళ్లు. చిక్కదనం కోసం, నురగ రాకుండా ఉండడం కోసం, పాడవకుండా ఉండడం కోసం ఇంకొన్ని కలుపుతారు. పాలిమర్ నీళ్లలో కరగదు. మైక్రాన్‌లో పదో వంతు సైజున్న సన్నటి గోళాలుగా నీళ్లలో తేలుతూ ఉంటుంది. రంగు పూయగానే నీళ్లు కొంత ఆవిరవుతాయి, కొంత కాన్వాస్ పీల్చుకుంటుంది. గోళాలు దగ్గరికి జరుగుతాయి, ఒకదాన్నొకటి నొక్కుకుంటాయి, చివరికి మధ్యలో హద్దులు చెరిగిపోయి ఒకే పొరగా అతుక్కుపోతాయి. పిగ్మెంట్ రేణువులు ఆ పొరలోనే చిక్కుకుని ఉండిపోతాయి. తర్వాత ఎన్ని నీళ్లు పోసినా ఆ పొర విడిపోదు.

ఆయిల్ పెయింట్ కథ పూర్తిగా వేరు. అది నీళ్లు పోయి ఆరేది కాదు. గాలిలోని ఆక్సిజన్‌తో నూనె నెమ్మదిగా రసాయన చర్య జరిపి గట్టిపడుతుంది. అందుకే పైన చేయి పెట్టి చూడడానికే రోజులు పడుతుంది, వార్నిష్ (బొమ్మను కాపాడే పై పూత) వేయడానికి నెలలు ఆగుతారు. వాటర్ కలర్ త్వరగానే ఆరుతుంది కానీ, మళ్లీ తడి తగిలితే కింది రంగు కదులుతుంది. త్వరగా ఆరడం, ఆరాక కదలకపోవడం రెండూ కలిసి ఉన్నది ఆక్రిలిక్‌లో. దానితో బొమ్మ వేసే పద్ధతి మొత్తం ఈ రెండు గుణాల మీదే నిలబడింది.

పొర సరిగా అతకాలంటే కొంత వెచ్చదనం కూడా కావాలి. తొమ్మిది, పది డిగ్రీల సెల్సియస్ కన్నా చల్లగా ఉన్న గదిలో వేస్తే గోళాలు సరిగా కలవవు. రంగు ఆరినట్టే కనిపిస్తుంది కానీ పొర బలహీనంగా ఉంటుంది.

కొత్తవాళ్లను ఏడిపించే ఇంకో విషయం: తడిగా ఉన్నప్పుడు ఆ పాలిమర్ పాలలా తెల్లగా ఉంటుంది, ఆరాక గాజులా అవుతుంది. అంటే పాలెట్ మీద చూస్తున్న రంగులో కాస్త తెలుపు దొంగచాటుగా కలిసి ఉన్నట్టే. ఆరేసరికి ఆ తెలుపు మాయమై రంగు ఒక మెట్టు ముదురుతుంది. నిన్న వేసిన నీలానికి ఈరోజు జత కలపాలంటే తడి రంగును ఆరిన రంగు పక్కన పెట్టి పోల్చకూడదు. చిన్న కాగితం ముక్క మీద పూసి, హెయిర్ డ్రయర్‌తో ఆరబెట్టి, అప్పుడు పక్కన పెట్టి చూడాలి. విసుగు పుట్టించే పనే, కానీ తప్పించుకునే దారి లేదు.

గోడ రంగుల వైపు నుంచి వచ్చింది

జర్మన్ రసాయన శాస్త్రవేత్త ఆటో రోమ్ ఆక్రిలిక్ ఆమ్ల పదార్థాల మీద డాక్టరేట్ పరిశోధన చేసింది 1901లో. ఆ దారిలోనే 1930లలో గాజులాంటి ప్లాస్టిక్ ప్లెక్సిగ్లాస్ వచ్చింది. చిత్రకారుల చేతికి ఆక్రిలిక్ అందింది 1940ల చివర్లో. న్యూయార్క్‌లో లెనర్డ్ బోకర్, శామ్ గోల్డెన్ కలిసి ‘మాగ్నా’ అనే రంగు తయారుచేశారు. కానీ అది నీళ్లలో కాదు, టర్పెంటైన్ లాంటి ద్రావకంలో కరిగేది. పై పొర వేస్తే కింది పొర మళ్లీ కదిలేది. నీళ్లతో కలిపే ఆక్రిలిక్ ఎమల్షన్లు ముందు ఇళ్ల గోడలకు వచ్చాయి. ఆ సాంకేతికతనే పట్టుకుని 1950ల మధ్యలో హెన్రీ లెవిసన్ సంస్థ చిత్రకారుల కోసం ‘లిక్విటెక్స్’ తెచ్చింది.

గోడ రంగు చుట్టం అనే చిన్నచూపు ఆక్రిలిక్‌ను చాలాకాలం వదల్లేదు. ఇప్పటికీ ఆయిల్ అంటే గొప్ప, ఆక్రిలిక్ అంటే నేర్చుకునేవాళ్ల సరుకు అనేవాళ్లు ఉన్నారు. ప్రసిద్ధ భారతీయ చిత్రకారుడు ఎస్.హెచ్. రజా 1983లో వేసిన ‘సౌరాష్ట్ర’ ఆక్రిలిక్ బొమ్మే. 2010లో లండన్ క్రిస్టీస్ వేలంలో దానికి 16 కోట్ల రూపాయలకు పైగా పలికింది. మరో భారతీయ చిత్రకారుడు తైయబ్ మెహతా 1997 నాటి ‘మహిషాసుర’ కూడా ఆక్రిలిక్కే. ధరను బట్టి కళను కొలవలేం, నిజమే. కానీ సరుకు నాసిరకం అనే వాదనకు మాత్రం ఇంతకన్నా జవాబు అక్కర్లేదు.

ఈ రంగు స్వభావాన్ని బాగా కనిపెట్టి వాడుకున్న బొమ్మ ఏదంటే నాకు ముందు గుర్తొచ్చేది బ్రిటిష్ చిత్రకారుడు డేవిడ్ హాక్నీ 1967లో వేసిన ‘ఎ బిగ్గర్ స్ప్లాష్’. ఈత కొలను, డైవింగ్ బోర్డు, ఎవరో అప్పుడే దూకినట్టు ఎగసిన నీళ్లు. మనిషి కనిపించడు. ఆకాశం, గోడ, కొలను నీళ్లు అన్నీ రోలర్‌తో పూసిన చదునైన రంగులు, ఎక్కడా బ్రష్ గీత కనిపించదు. అవన్నీ ఆరిపోయాక, వాటి మీద సన్నటి బ్రష్‌లతో ఆ నీటి చిమ్ము వేశారు. నిజంలో రెండు సెకన్లు కూడా ఉండని ఆ చిమ్ముకు దాదాపు రెండు వారాలు పట్టింది. కింద నీలం గట్టిగా ఆరి కదలకుండా ఉంది కాబట్టే దాని మీద తెల్లటి గీతలు అంత శుభ్రంగా నిలబడ్డాయి. తడి ఆయిల్ మీద అయితే ప్రతి తెల్ల గీతా కింది నీలాన్ని కాస్త తాగేసి మసకబారేది.

ఒక బొమ్మ లోపలికి వెళ్దాం

ఉదాహరణకు సూర్యుడు దిగిపోయిన వెంటనే కనిపించే చెరువు బొమ్మ అనుకుందాం. పైన ముదురు నీలం, కిందికి వచ్చేకొద్దీ నారింజ, అవతలి గట్టున నల్లటి చెట్ల వరస, నీళ్లలో వాటి ప్రతిబింబాలు. సైజు 60 × 90 సెంటీమీటర్లు.

కాన్వాస్ దుకాణం నుంచి తెల్లగానే వస్తుంది, అంటే గెస్సో (రంగు పట్టేలా అడుగున వేసే తెల్లటి పూత) పూసే ఉంటుంది. అయినా చాలామంది ఇంకో రెండు పూతలు వేస్తారు, ఒకటి అడ్డంగా, ఒకటి నిలువుగా. మధ్యలో సన్న ఉప్పు కాగితంతో తేలిగ్గా రుద్దుతారు. గెస్సోలో ఉండే సుద్ద పొడి వల్ల ఉపరితలానికి కాస్త గరుకు, కాస్త పీల్చుకునే గుణం వస్తాయి. అవి లేకపోతే రంగు జారిపోతుంది.

తర్వాత ఆ తెలుపును చంపేయాలి. బర్న్ట్ సియన్నా అనే ఎర్రమట్టి రంగును నీళ్లతో పల్చన చేసి మొత్తం పూసేస్తే కాన్వాస్ ఇటుక రంగుకు తిరుగుతుంది. రెండు లాభాలు. తెల్లటి కాన్వాస్ మీద ఏ రంగు పెట్టినా ఉన్నదానికన్నా ముదురుగా అనిపించి, భయంతో బొమ్మంతా వెలిసిపోయేలా వేస్తాం. ఇటుక రంగు మీద ఆ మోసం ఉండదు. రెండోది, చివర్లో నీలం గీతల మధ్య అక్కడక్కడ ఖాళీలు మిగిలిపోతాయి. వాటిలోంచి తెలుపు తొంగిచూస్తే పని సగంలో ఆపినట్టు ఉంటుంది. ఇటుక రంగు కనిపిస్తే సాయంత్రపు వేడి ఇంకా పోలేదన్నట్టు ఉంటుంది.

స్కెచ్‌కు బొగ్గు వాడితే దాన్ని దులిపేయాలి. లేకపోతే పసుపు, నారింజల్లో కలిసి వాటిని బూడిద రంగు చేస్తుంది. పల్చటి రంగుతో బ్రష్‌తోనే గీసుకోవడం మేలు. తర్వాత ముదురు, మధ్యరకం, లేత అని మూడే టోన్లతో బొమ్మ మొత్తం దిద్దుకుంటారు. ఈ దశలో ఫోన్‌తో ఫొటో తీసి బ్లాక్ అండ్ వైట్‌లో చూస్తే చాలా తెలుస్తుంది. చెట్లకూ నీళ్లకూ తేడా అక్కడ కనిపించకపోతే, పైన ఎన్ని రంగులు పూసినా కనిపించదు.

ఇక ఆకాశం. అసలు యుద్ధం ఇక్కడే. ఆయిల్‌లో అయితే పైన నీలం, కింద నారింజ పూసి, మధ్యలో మెత్తటి బ్రష్‌తో అటూ ఇటూ తుడిస్తే కలిసిపోతాయి. ఆక్రిలిక్‌లో నారింజ దగ్గరికి వచ్చేలోపే నీలం అంచు సగం ఆరిపోతుంది. సగం ఆరిన రంగు మీద బ్రష్ లాగితే అది జిగురుగా లేచి, కింది పొర బయటపడేలా చిరుగుతుంది. ఇది చూసి బెంబేలెత్తి ఇంకా గట్టిగా రుద్దేవాళ్లే ఎక్కువ. బ్రష్ పక్కన పెట్టి, పూర్తిగా ఆరనిచ్చి, మళ్లీ పైన వేయాలి. అంతకు మించి చేయగలిగింది లేదు. ఆరడం ఆలస్యం చేసే రిటార్డర్ మీడియంలు దొరుకుతాయి, నీళ్లు స్ప్రే చేస్తూ కూడా పనిచేస్తారు. చిన్న బొమ్మలకు పరవాలేదు. కానీ రిటార్డర్ మీదే ఆధారపడేవాళ్లను చూస్తే నాకు అనిపించేది, ఇంత తాపత్రయం దేనికి, ఆయిలే వాడొచ్చు కదా అని. పైగా అది ఎక్కువైతే పొర రోజుల తరబడి జిగటగానే ఉండిపోతుంది.

ఇంకో చిక్కు కూడా ఉంది. నీలం, నారింజ రంగుల చక్రంలో ఎదురెదురుగా ఉండే రంగులు. తడిగా కలిపితే మధ్యలో వచ్చేది సంధ్యాకాశం కాదు, బురద.

అందుకే కలపడం కాన్వాస్ మీద కాకుండా పొరల్లో చేస్తారు. ముందు ఆకాశం అంతటా తెలుపులో కొంచెం పసుపు మట్టి రంగు కలిపిన లేత పూత వేసి పూర్తిగా ఆరనిస్తారు. తర్వాత పారదర్శకమైన గ్లేజింగ్ మీడియంలో (రంగును గ్లేజ్‌గా, అంటే వెలుగు దూరే పల్చటి పొరగా, మార్చే ద్రవం) ఆవగింజంత థాలో బ్లూ అనే నీలం కలుపుతారు. అంతే చాలు, ఆ నీలానికి ఉన్న బలం అలాంటిది. దాన్ని పైనుంచి కిందికి లాగుతూ, కిందికి వచ్చేకొద్దీ ఉత్త మీడియం మాత్రమే వచ్చేలా పల్చబరుస్తారు. అది ఆరాక, క్వినాక్రిడోన్ ఎరుపును కాస్త పసుపుతో కలిపి అదే పద్ధతిలో కింది నుంచి పైకి. రెండు పొరలు ఒకదాని మీదొకటి పడిన చోట బురద రాదు. కాస్త ఊదా తిరిగిన, పేరు పెట్టలేని బూడిద రంగు వస్తుంది, చీకటి పడే ముందు ఆకాశంలో కనిపించేదే. సరిపోలేదనిపిస్తే మళ్లీ నీలం పొర, మళ్లీ ఎరుపు పొర. ఇలా ఎనిమిది, పది సార్లు.

ఇంత కష్టం దేనికంటే, కారణం వెలుగులో ఉంది. తెలుపు కలిపిన నీలం పూస్తే వెలుగు పై పొరకే తగిలి తిరిగొచ్చేస్తుంది. రంగు ఉంటుంది కానీ సుద్దలా ఉంటుంది. గ్లేజ్‌లో వెలుగు పారదర్శకమైన నీలంలోంచి కిందికి దిగి, అడుగున ఉన్న లేత పూతకు తగిలి, మళ్లీ అదే నీలంలోంచి బయటికి వస్తుంది. రెండుసార్లు వడపోత. బొమ్మలోపల ఎక్కడో దీపం ఉన్నట్టు అనిపించడానికి కారణం ఇదే. అందుకే అడుగు పూత లేతగా ఉండాలి. ముదురు అడుగు మీద ఎంత మంచి గ్లేజ్ వేసినా దండగే, వెలుగు తిరిగి రాదు.

చెట్లు త్వరగానే అయిపోతాయి. నల్ల ట్యూబు నుంచి తీసింది కాకుండా థాలో బ్లూ, బర్న్ట్ అంబర్ అనే ముదురు గోధుమ రంగు కలిపి వేస్తే ఆకాశంతో చుట్టరికం కుదురుతుంది. నీళ్లకు ఒక సూత్రం గుర్తుంటే చాలు: లేత రంగు వస్తువు ప్రతిబింబం నీళ్లలో కాస్త ముదురుతుంది, ముదురు వస్తువు ప్రతిబింబం కాస్త లేతబడుతుంది. ఆకాశం రంగునే నీళ్లకూ వాడేస్తే అది నీళ్లలా కాకుండా తలకిందులు చేసిన ఫొటోలా ఉంటుంది. చివరగా, పలుచగా ఇంతసేపు నడిచిన బొమ్మలో ఒకటి రెండు చోట్ల చిక్కటి రంగు, పాలెట్ నైఫ్‌తో పెట్టిన మెరుపు. అది మొత్తం నిమిషం పని. ఎక్కడ పెట్టాలో తేల్చుకోవడానికి రెండు రోజులు పట్టొచ్చు, ఎందుకంటే ఆరాక తుడవడం కుదరదు. పైన వేరే రంగు వేసి కప్పేయొచ్చు కానీ, చిక్కటి గీతకు ఉండే ఎత్తు అలాగే ఉండిపోతుంది. పక్క నుంచి వెలుగు పడితే ఆ గీత బయటపడుతుంది.

ట్యూబు మీద ఏం రాసుంది

పైన చెప్పిందంతా పిగ్మెంట్‌ను బట్టే పనిచేస్తుంది కాబట్టి ట్యూబు వెనక వైపు చదవడం అలవాటు చేసుకోవాలి. ముందువైపు పేరు కంపెనీ ఇష్టం, నమ్మదగినది వెనక ఉండే పిగ్మెంట్ కోడ్. పీబీ 15 ఉంటే థాలో బ్లూ, పీబీ 29 అయితే అల్ట్రామెరీన్, పీడబ్ల్యూ 6 అంటే టైటానియం వైట్. పేరు చివర ‘హ్యూ’ అని ఉంటే అసలు పిగ్మెంట్ బదులు దానిలా కనిపించే వేరేది వాడారని అర్థం. కాడ్మియం రెడ్ హ్యూలో కాడ్మియం ఉండదు. అది మోసమేమీ కాదు, కొన్నిసార్లు మంచిదే కూడా. కానీ కాడ్మియంలా అడుగును కప్పేస్తుందనుకుంటే కప్పకపోవచ్చు.

ఒకే కోడ్ ఉన్న ట్యూబులు కలిపితే రంగు శుభ్రంగా ఉంటుంది. మూడేసి కోడ్లున్న రెండు ట్యూబులు కలిపితే ఆరు పిగ్మెంట్లు కలిపినట్టు, ఫలితం ఎలా ఉంటుందో ఊహించుకోవచ్చు. వెలుగుకు ఎంత నిలబడుతుందో చెప్పే అంచనా కూడా అక్కడే ఉంటుంది. ఏఎస్‌టీఎం అనే ప్రమాణాల సంస్థ లెక్కలో ఒకటి, రెండు శ్రేణులు గోడకు పెట్టే బొమ్మలకు సరిపోతాయి. స్టూడెంట్ గ్రేడ్‌లో పిగ్మెంట్ తక్కువ, పూరకం ఎక్కువ. నేర్చుకోవడానికి చాలు కానీ, గ్లేజులు మాత్రం మసగ్గా వస్తాయి.

అయిపోయాక కూడా అయిపోదు

పై పొర ఆరడం వేరు, బొమ్మ లోపలిదాకా గట్టిపడడం వేరు. పల్చటి పొరలకు కొద్ది రోజులు, పాలెట్ నైఫ్‌తో పెట్టిన ముద్దలకు వారాలు పడుతుంది. పైన చర్మం కట్టినా లోపల నీళ్లు ఉంటాయి.

ఆక్రిలిక్ పొర మామూలు గది వేడిలో ఎప్పటికీ కాస్త మెత్తగానే ఉంటుంది. దాంతో దుమ్ము అంటుకుంటుంది. పైగా తయారీలో కలిపిన సర్ఫాక్టెంట్లు (సబ్బు లాంటి పదార్థాలు) కాలక్రమంలో పైకి చేరతాయని ఆధునిక రంగుల మీద లండన్ టేట్ మ్యూజియం వాళ్లు సాగించిన పరిశోధనల్లో బాగా పరిశీలించారు. అందుకని వార్నిష్ వేస్తారు, అదీ అవసరమైతే మళ్లీ తీసేయగలిగేది. కొందరు వార్నిష్‌కు ముందు పారదర్శకమైన ఆక్రిలిక్ పూత ఒకటి వేస్తారు, రేపు ఎవరైనా పాత వార్నిష్ తుడిచేటప్పుడు అసలు రంగుకు చేయి తగలకుండా. మన చెరువు బొమ్మకు మ్యాట్ వార్నిష్ వద్దంటాను. అందులో మెరుపు చంపడానికి వేసే పొడి వల్ల ముదురు రంగులు పాలిపోతాయి. పది పొరలతో తెచ్చుకున్న లోతు ఒక్క పూతతో పోతుంది.

ఇక కొనేవాళ్ల అనుమానం: ఇది ఒరిజినలా, కాన్వాస్ మీద తీసిన ప్రింటా? ఇప్పుడు మంచి ప్రింట్లను మామూలు చూపుతో పట్టుకోలేం. భూతద్దం పెట్టి చూస్తే ప్రింటులో రంగు చిన్న చిన్న చుక్కలుగా విడిపోతుంది. పెయింటింగ్‌లో ఎంత దగ్గరికి వెళ్లినా గీత గీతలాగే ఉంటుంది. కొందరు ప్రింటు మీద పారదర్శకమైన జెల్ బ్రష్‌తో పూసి గీతల అచ్చు తెస్తారు. అప్పుడు టార్చి లైటును పక్క నుంచి వేసి చూడాలి. జెల్ గీత ఒక వైపు పోతూ, కింద రంగు మరో వైపు పోతుంటే సంగతి తేలిపోతుంది. అంచుల దగ్గర కూడా చూడాలి. పొరలతో వేసిన బొమ్మకు కాన్వాస్ మడత దగ్గర కింది రంగులు ఎక్కడో ఒకచోట బయటపడతాయి, మన చెరువు బొమ్మలో అయితే ఆ ఇటుక రంగు.

ఇంటికి తెచ్చుకున్నాక పెద్దగా చేయాల్సింది లేదు. ఎండ నేరుగా పడే గోడ వద్దు. దుమ్మును మెత్తటి పొడి బ్రష్‌తో దులపాలి, తడిగుడ్డ పెట్టకూడదు. చలి బాగా ఎక్కువగా ఉన్నప్పుడు ఆ మెత్తటి పొర బిరుసెక్కుతుంది, అప్పుడు కాన్వాస్‌ను చుట్టినా, ఏదైనా తగిలినా పగులు వస్తుంది. ఎండాకాలంలో సమస్య ఇంకోలా ఉంటుంది. రెండు బొమ్మలను ముఖాముఖి ఆనించి పెడితే అతుక్కుపోతాయి. బబుల్ ర్యాప్ నేరుగా చుడితే ఆ బుడగల గుండ్రటి అచ్చులు రంగు మీద శాశ్వతంగా దిగిపోతాయి. మధ్యలో సిలికాన్ పూత ఉన్న కాగితం వేసి, బుడగలు బయటి వైపు ఉండేలా చుట్టాలి.